శౌరమ్మగారి ఇంగ్లీషు

ఉప్పులూరు దాటాక బండి ఆగిపోయింది. ఎందుకు ఆగిందని పెట్టెలో ఎవరూ అడగలేదు. అవి ఎమర్జెన్సీ రోజులు. దేశంలో రైళ్ళన్నీ వేళకు నడుస్తున్నాయని రేడియో రోజూ చెప్పేది. ఆ కబురు బందరు ప్యాసింజరుకు ఇంకా అందినట్టు లేదు. బయట ముసురు. కిటికీ పక్కన వరిచేలు నీళ్ళలో పడుకుని ఉన్నాయి. గట్టు మీద ఒక రైతు గొడుగు వేసుకుని, చేసేదేమీ లేక, పడిపోయిన చేను వంక చూస్తూ నిలబడ్డాడు. మాకూ చేసేదేమీ లేక అతణ్ణి చూస్తూ కూర్చున్నాం.

నేను గుడివాడ నుంచి వస్తున్నాను. అక్కడ ఒక ప్లీడరుగారు పోతే ఆయన పుస్తకాలు తూకానికి ఇచ్చేస్తున్నారని ఎవరో చెప్పారు. ఇలాంటి మాట చెవిన పడితే నాకు కాలు నిలవదు. ఎక్కడెక్కడో తిరిగాను, ఏ ఊళ్ళోనూ పట్టుమని రెండేళ్ళు లేను, కానీ పోయినవాళ్ళ పుస్తకాల కోసం మాత్రం వర్షంలోనైనా వెళతాను. నేను చేరేసరికే సగం బీరువా బజ్జీల కొట్టుకు చేరిపోయింది. మిగిలినదాంట్లో బొద్దింకలు కొరికిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి దొరికింది. అట్ట లేదు. చివర డబ్ల్యూ సగంలో ఆగిపోయింది, ఆ తర్వాత అక్షరాలు లేవు. అంతకాడికి అవతలి అక్షరాలతో నాకు పనేముందిలే అని తెచ్చుకున్నాను.

ఎదుటి బల్ల మీద కూర్చున్న ఆవిడ చాలాసేపటి నుంచి నా ఒళ్ళోని ఆ పుస్తకాన్నే చూస్తోంది. నలభై అయిదు దాటి ఉంటాయి. తెల్లచీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, చేతికి మగవాళ్ళు పెట్టుకునే పెద్ద వాచీ. గోళ్ళు మొదలంటా కత్తిరించిన వేళ్ళు. నర్సని వేరే చెప్పక్కర్లేదు.

“ఏవండీ, అది డిక్షనరీయేనా?” అంది.

అవునన్నాను. ఆవిడ చేతిసంచీలోంచి మడతలు పడిన ఒక ఇంగ్లీషు కరపత్రం తీసి, ఒక మాట మీద వేలు పెట్టి, “ప్రొఫిషియెన్సీ అంటే ఏముందో కాస్త చూసి పెడతారా?” అని అడిగింది.

చూడకుండానే చెప్పాను, నేర్పు అని, ప్రావీణ్యం అని. ఆవిడకు తృప్తి కలగలేదు. పుస్తకం తెరిచి చూపించాను. అప్పుడు కాస్త ఆలోచించి, “అంటే ఈ పరీక్ష ఇంగ్లీషు ఎంత వచ్చో చెబుతుందంటారా, వచ్చా రాదా అన్నది చెబుతుందంటారా?” అంది.

ఎంత వచ్చో చెబుతుందనుకుంటానన్నాను.

“నాకు ఎంత అన్నదాంతో పనిలేదండీ. వచ్చా రాదా, అంతే కావాలి.”

నాకు ఆసక్తి పుట్టింది. ఆ కరపత్రం తీసుకుని చదివాను. విదేశాలకు చదువుకో ఉద్యోగానికో వెళ్ళాలనుకునేవాళ్ళ ఇంగ్లీషును తూచడానికి అమెరికా వాళ్ళు పెట్టే పరీక్ష అది. మన వైపు వాళ్ళు మద్రాసు వెళ్ళి రాయాలి. ఆ మధ్య మన నర్సులు కొంతమంది విదేశాలకు వెళుతూ ఈ పరీక్ష రాస్తున్నారని విన్నాను. ఈవిడా ఆ బాపతే కాబోలనుకుని, ఏ దేశం వెళుతున్నారని అడిగాను.

“నేనెక్కడికి పోతానండీ. గుణదల దాటి ఇంకో ఇంట్లో నిద్ర పట్టదు నాకు” అంది.

తర్వాత బండి కదిలింది, నిడమానూరులో మళ్ళీ ఆగింది. ఆ రెండు ఆగుళ్ళ మధ్యా తన సంగతి చెప్పింది. పక్కన వింటున్నవాళ్ళను లెక్కచెయ్యలేదు. ఇదివరకు చాలామందికి చెప్పిన మనిషిలా, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది.

ఆవిడ పేరు శౌరమ్మ. పెళ్ళి చేసుకోలేదు. పదహారో ఏట ఒక మిషను ఆసుపత్రిలో నర్సు పనికి చేరి, నిరుటిదాకా అక్కడే ఉంది. ఆ ఆసుపత్రి పేరు రాయను. అక్కడ పురుడు పోసుకున్న తల్లులు ఈ జిల్లాలో లెక్కలేనంతమంది ఉన్నారు, వాళ్ళ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. ఇంగ్లీషు ఆవిడ బడిలో నేర్చుకున్నది కాదు. సిస్టర్లు మాట్లాడుతుంటే విని పట్టుకున్నది. డాక్టరు అమెరికా నుంచి వచ్చిన దొర. ఆయన మాట అందుకోగలిగిన నర్సు ఆవిడొక్కతే కావడంతో, పురుళ్ళ గదిలో ఎప్పుడూ ఆయన పక్కన ఆవిడే ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆవిణ్ణి ఇంగ్లీషు నర్సమ్మ అనేవారు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ కిటికీ వైపు తిరిగి చిన్నగా నవ్వింది.

కొల్లేటి అంచు నుంచి నాంచారమ్మ అనే ఆవిణ్ణి పురిటికి తెచ్చారు, కొంతదూరం పడవ మీద, కొంతదూరం ఎడ్లబండి మీద. చేపలు పట్టే కుటుంబం. కాన్పు బాగానే అయింది, ఆడపిల్ల. ఆ తర్వాత రక్తం కట్టడానికి ఇచ్చే ఇంజెక్షను శౌరమ్మ సిద్ధం చేసి, ట్రేలో పెట్టి, మీద గుడ్డ కప్పి, దొరగారి మాట కోసం నిలబడింది. డాక్టరు చెప్పందే నర్సు సూది వెయ్యకూడదని అక్కడ కట్టడి. దొరగారు తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే, “యూ హావ్ నాట్ గివెన్ ది ఇంజెక్షన్?” అన్నారు.

“ఎస్, డాక్టర్” అంది శౌరమ్మ.

“గుడ్” అని ఆయన చెయ్యి తుడుచుకుని, అవతల వార్డులో ఎముక విరిగినవాడెవడో అరుస్తుంటే అటు వెళ్ళిపోయారు.

ఇవ్వకపోవడమే మంచిదంటున్నారు కాబోలనుకుని ఆవిడ ట్రే తీసి పక్కన పెట్టింది. కాసేపటికి రక్తం పొంగడం మొదలైంది. దొరగారికి కబురు పెడితే, వస్తున్నాను, కాస్త ఆగండని తిరుగు కబురు వచ్చింది. సూది పడిందన్న ధైర్యం ఆయనది. సూది వద్దన్నది ఆయనే కదా అన్న ధైర్యం ఈవిడది. ఆయన వచ్చేసరికి చెయ్యవలసిన పని అంతా చేతులు దాటిపోయింది. సాయంత్రం గుడిగంట కొట్టే వేళకు నాంచారమ్మ లేదు.

విచారణ జరిగింది. ఇచ్చానని నర్సు చెప్పిందన్నారు దొరగారు. ఇవ్వలేదనే చెప్పానంది శౌరమ్మ. ఇద్దరూ బైబిలు మీద చెయ్యి పెట్టారు. దొరగారు అబద్ధమాడే మనిషి కాదు, ఆ సంగతి శౌరమ్మా ఒప్పుకుంటుంది. చివరికి పెద్దలు తీర్మానించిందేమిటంటే, ఈ నర్సు నిజం దాచి ఉండాలి, లేదా ఈవిడకు ఇంగ్లీషు రాదు. అబద్ధమన్న మాట రాస్తే ఇన్నేళ్ళ మనిషికి అవమానం కనుక, దయతలచి, ఇంగ్లీషు రాదని రాశారు. టీ ఇచ్చి, పూలదండ వేసి పంపించారు.

“దండ వేసి మరీ గెంటారండీ” అంది శౌరమ్మ. “దాంట్లో బంతిపూలే ఎక్కువ. మల్లెలకు మనసొప్పలేదేమో.”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

“నేను చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఇంగ్లీషు వచ్చని వాళ్ళ దేశంవాళ్ళ చేతే కాయితం తెప్పిస్తాను. అప్పుడు తప్పెవరిదో తేలుతుంది గదా మాస్టారూ?”

అప్పటికే నేను మాస్టారునైపోయాను. తేలుతుందన్నాను. ఇంత తిరిగి, ఇన్ని భాషల వ్యాకరణాలు తిరగేసిన నాకు ఆ కథలో ఎక్కడా ఏమీ తట్టలేదు. నా చెవీ ఈ గడ్డ మీద పెరిగిన చెవే.

ఆ కరపత్రంలో ఉన్న దరఖాస్తు ఎలా నింపాలో చెప్పి పొమ్మని అడిగింది. నాకు గుణదలలో ఏ పనీ లేదు, పటమటలో మేనల్లుడి ఇంట్లో దిగాలి. అక్కడా పని లేదు. రెండు రోజులాగి వెళ్ళాను.

ఆవిడ ఉండేది కొండ కింద సందులో, అక్క అమలమ్మతో. మేరీమాత తిరునాళ్ళకు వచ్చే జనం వంటలు చేసుకునే ఖాళీస్థలం పక్కన రెండు గదుల పెంకుటిల్లు. అమలమ్మ బడిలో ఆయా. చెల్లెలికంటే ఆరేడేళ్ళు పెద్ద. చెల్లెల్ని ఎంత ప్రేమిస్తుందో అంత దెప్పుతుంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, “రండి బాబూ, మా దొరసానికి ట్యూషను చెప్పేది మీరేనా?” అని పీట వేసింది.

శౌరమ్మ లోపలి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని కూర్చుంది. అమలమ్మ నాకు మంచినీళ్ళిస్తూ, “ఇవాళ కూడా తినలేదా?” అని అడిగింది చెల్లెల్ని.

“అవునక్కా, ఆకలి లేదు.”

“పరీక్షలో అన్నం తినడం ఎలాగని అడిగితే సున్నాయే నీకు.”

దరఖాస్తు దగ్గర మొదటి గడిలోనే తిప్పలొచ్చాయి. మొదట చివరి పేరు రాయాలట, ఆ తర్వాత మొదటి పేరు. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, సొంత పేరు చివర వస్తుంది. వాళ్ళ లెక్కలో ఇంటిపేరే చివరిది. శౌరమ్మ అప్పటికే పెన్సిలుతో చివరి పేరున్న చోట శౌరమ్మ అని, మొదటి పేరున్న చోట ఇంటిపేరు రాసి పెట్టుకుంది. అది తిరగేయాలని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు.

“మా ఇంటిపేరు చివరిదెట్టా అవుద్దండీ? పుట్టకముందు నుంచీ ఉంది గదా.”

“వాళ్ళు మనకు తలకిందులు” అన్నాను.

“అయితే నా పేరు మీద మా నాన్న పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది” అని చెరిపి రాసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పేర్ల సంగతి నవ్వులాటగా పోయింది గానీ, నేను అస్సాం నుంచి మలబారు దాకా తిరిగినప్పుడు గమనించిందేమిటంటే, మనిషి ఎక్కడ మొదలవుతాడన్న దాని మీద ఏ ఇద్దరు జనాలకూ ఏకాభిప్రాయం లేదు. కొందరికి ఊరుతో మొదలు, కొందరికి తండ్రితో, కొందరికి తనతోనే. ఒకడి మొదలు ఇంకొకడి చివర. గడులు గీసేవాడికి మాత్రం ఒకటే వరస. సరే, ఆ గోల అలా ఉంచుతాను.

ఆ తర్వాత ఫలితం ఏ సంస్థకు పంపాలన్న గడి వచ్చింది. అక్కడ విశ్వవిద్యాలయాల గుర్తు అంకెలు రాయాలి. శౌరమ్మ తను పనిచేసిన ఆసుపత్రి పేరు రాయమంది. దానికి అంకె లేదని చెప్పాను.

“లేకపోతే వాళ్ళకెట్టా తెలుస్తుందండీ?”

మీ ఇంటికీ ఒక ప్రతి వస్తుంది, అది పట్టుకెళ్ళి చూపించవచ్చునన్నాను. అప్పటికి ఊరుకుంది. ఫీజు డాలర్లలో కట్టాలన్నారు. అది ఎలా కట్టాలో మా ముగ్గురికీ తెలియదు. గుణదల నుంచి వెళ్ళి పరదేశంలో మఠంలో ఉంటున్న ఒక సిస్టరుకు ఉత్తరం రాస్తే, పాపం ఆవిడే కట్టింది. శౌరమ్మ చేతిలో ఆవిడ మేనకోడలు పుట్టిందట.

అసలు కష్టం పరీక్ష అర్థం చేసుకోవడంలో ఉంది. బెజవాడలో పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగి ఒక అభ్యాస పుస్తకం సంపాదించాను. దాని ప్రకారం శౌరమ్మకు పరీక్ష పద్ధతి చెబుతుంటే ఆవిడ మొహం చిన్నబోతూ వచ్చింది. ఈ పరీక్షలో పాసవడం, తప్పడం అన్నవి లేవు. ఒక అంకె వేసి పంపుతారు, అంతే. ఆ అంకె చాలునో చాలదో అవతలివాళ్ళు చూసుకుంటారు.

“పాసో ఫెయిలో చెప్పకుండా పరీక్షేంటండీ?” అంది.

“జ్వరం చూస్తే అంకే గదా వస్తుంది. రోగమో కాదో డాక్టరు చెబుతాడు.”

“ఆ డాక్టరుతోనే గదా నా గొడవ” అంది.

ఇంకో సంగతి ఆవిణ్ణి మరీ కలవరపెట్టింది. పరీక్షలో నోరు తెరవక్కర్లేదు. టేపు మీద గొంతులు మాట్లాడతాయి, అవి విని, కాగితం మీద సరైన గడిని పెన్సిలుతో నల్లగా నింపాలి. మాట్లాడటమే రాదన్నారు గదా తనకు, మాట్లాడించకుండా ఎలా తేలుస్తారని అడిగింది. టేపు ఒక్కసారే వినిపిస్తారని చెప్పినప్పుడు మాత్రం తలూపింది.

“దొరగారూ ఒక్కసారే అడిగారు” అంది.

ఆ చలికాలమంతా నేను వారానికోసారి వెళుతూ వచ్చాను. నేనే రెండు గొంతులుగా మారి పుస్తకంలో సంభాషణలు చదివేవాణ్ణి. మగగొంతు వచ్చినప్పుడు బొంగురుగా, ఆడగొంతు వచ్చినప్పుడు సన్నగా. అమలమ్మ వాకిట్లో బియ్యం ఏరుకుంటూ, తోలుబొమ్మలాటకు టిక్కెట్టెంత బాబూ అనేది. శౌరమ్మ బాగానే చేసేది. మాటలు చాలా తెలుసు. ఒంటికి, రోగానికి, వంటకు, ప్రార్థనకు సంబంధించినవి నాకన్నా ఎక్కువే తెలుసు. బ్యాంకులు, కాలేజీలు, మంచు గురించి వస్తే ఆగిపోయేది. మంచు మీద నడిచే బూట్ల గురించి ఒక పేరా ఉంటే, కొల్లేట్లో మోకాలి లోతు బురదలో ఎలా నడుస్తారో చెప్పి, దానికీ దీనికీ తేడా ఏముందని వాదించింది.

కొల్లేరంటే గుర్తొచ్చింది. ఒకరోజు నేనక్కడుండగానే గంగరాజు వచ్చాడు. చనిపోయిన నాంచారమ్మ మొగుడు. నెలకో రెండు నెలలకో బెజవాడ చేపలు తెచ్చినప్పుడల్లా ఈవిడకు ఎండుచేపలు ఇచ్చి వెళతాడట. వాకిట్లోనే గొంతుకూర్చుని, తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. పిల్ల నడుస్తోందని చెప్పాడు. అతని తల్లి మంగాయమ్మ పెంచుతోంది. ఆ తల్లి ఈ నర్సు గుమ్మం తొక్కొద్దంటుందట, నాంచారమ్మను చంపింది ఈవిడేనని ఊరందరితో పాటు ఆవిడా అంటుందట. గంగరాజు ఒక్కడే కాదంటాడు.

“మీరు సూది ఎయ్యలేదని చెప్పారు. దొర ఇనలేదు. అంతే గదమ్మా జరిగింది” అన్నాడు.

“అంతే గంగరాజూ.”

“ఆ పరీచ్చ కాయితం రాగానే చెప్పండమ్మా. మా అమ్మకి చూపించాలి. చదవడం రాకపోయినా, సీలు ఉంటే నమ్ముద్ది.”

అతను వెళ్ళాక శౌరమ్మ చేపల పొట్లం చూరుకింద కట్టి, చేతులు కడుక్కుని వచ్చి, ఆపిన చోట నుంచి చదవమంది. ఆ రోజు ఒక్క ప్రశ్నా తప్పలేదు.

మే నెల ఎండల్లో మద్రాసు నుంచి హాలు టిక్కెట్టు వచ్చింది. కాలువలు కట్టేశారు. గుణదల దగ్గర ఏలూరు కాలువలో నీళ్ళు లేవు, అడుగున నల్లబురద పగుళ్ళిచ్చి, ఊరు ఏడాది పొడుగునా పారేసిందంతా బయటపడి ఉంది. పగిలిన కుండలు, విరిగిన రిక్షా చక్రం, బట్టలుతికే రాయి ఒకటి బోర్లాపడి. ఇంట్లో ఉక్క భరించలేక శౌరమ్మా నేనూ గట్టు మీద తుమ్మచెట్టు నీడన చాప వేసుకుని కూర్చున్నాం. ప్రయాణం దగ్గర పడింది. అమలమ్మ మద్రాసులో దిగడానికి చుట్టాల అడ్రసు రాసిచ్చింది, నిమ్మకాయ పులిహోర ఎప్పుడు కలపాలో కూడా నిర్ణయించింది. అభ్యాస పుస్తకంలో ఒక్క పాఠమే మిగిలింది.

చదువుతూ పోయాను. మగగొంతు అడుగుతుంది, “హాజంట్ మేరీ పోస్టెడ్ ది లెటర్?” మేరీ ఇంకా ఉత్తరం పంపలేదా అని. ఆడగొంతు జవాబు, “ఓ, ఎస్.” ఆ తర్వాత ప్రశ్న, ఉత్తరం పంపినట్టా, పంపనట్టా. శౌరమ్మ తడుముకోకుండా పంపనట్టు అన్న గడి నింపింది. పుస్తకం వెనక జవాబులు చూశాను. పంపినట్టు అని ఉంది.

“ఇదొక్కటి పోయింది” అన్నాను.

“అచ్చుతప్పయి ఉంటుందండీ. పంపలేదా అంటే అవునంది గదా.”

నేనూ అలాగే అనుకున్నాను. అచ్చుతప్పులు లేని పుస్తకం నేనింతవరకూ చూడలేదు. అయినా చివర చిన్న అక్షరాల్లో వివరణ ఉంటే అది చదివాను. చదివాక నాకు సరదా పుట్టింది. ఇలాంటివి దొరికితే నాకు ఒళ్ళు తెలియదు. చాప మీద ముందుకు జరిగి ఆవిడకు చెప్పడం మొదలుపెట్టాను.

చూడండి శౌరమ్మగారూ, ఇందులో గమ్మత్తుంది. మనం అవును అంటే, నువ్వన్నట్టే ఉంది అని. అగు అన్న మాటలోంచి పుట్టింది అది. ఎదుటివాడు లేదా అని అడిగితే, అతనన్న లేదు సరైనదే అయితే మనం అవునంటాం. అంటే మనం జవాబు చెప్పేది అవతలివాడు అడిగిన మాటకు. తూర్పుదేశాల్లో ఇంకా కొందరు ఇలాగే అంటారని ఎక్కడో చదివాను. ఇంగ్లీషువాళ్ళు అలా కాదు, వాళ్ళు జరిగినదానికి జవాబు చెబుతారు. అడిగిన తీరుతో వాళ్ళకు పనిలేదు. పని జరిగితే ఎస్, జరక్కపోతే నో. పంపలేదా అని అడిగినా, పంపారా అని అడిగినా, ఎస్ అంటే పంపినట్టే.

ఇంతా చెప్పి తలెత్తాను. ఆవిడ పెన్సిలు కాగితం మీదే ఆగి ఉంది. నా వంక చూడటం లేదు. కాలువ అడుగు వంక చూస్తోంది. అప్పుడు నాకు ఉప్పులూరు దాటి ఆగిన బండి గుర్తొచ్చింది. చేతులు కడుక్కుంటూ వెనక్కి తిరగని మనిషి గుర్తొచ్చాడు.

కాలువ మీంచి చూపు తిప్పకుండానే ఆవిడ అడిగింది.

“ఇవ్వలేదా అని అడిగారనుకోండి. ఇవ్వలేదు. అప్పుడు ఏమనాలండీ?”

చెప్పకుండా ఉండటానికి దారి వెతికాను. దొరకలేదు.

“నో అనాలమ్మా.”

ఆవిడ తలూపింది. పెదవులు కదిలాయి. తర్వాత చాలా మెల్లిగా, ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు చెప్పింది.

“నో, డాక్టర్.”

నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఏదో ఒకటి మాట్లాడకపోతే అక్కడ కూర్చోలేను. మీరు అబద్ధం ఆడలేదన్నాను. ఇన్నేళ్ళు ఇక్కడున్న దొర ఈ మాత్రం తెలుసుకోవద్దా అన్నాను. ప్రాణం మీది సంగతి వెనక్కి తిరక్కుండా అడిగిన మనిషిది తప్పు కాదా అన్నాను. ఈ జిల్లాలో ఎవర్ని అడిగినా మీలాగే ఎస్ అంటారు, ఇంతసేపూ నేనూ అదే అనుకున్నాను గదా అన్నాను. అన్నీ నిజాలే. ఒక్కటీ ఆవిడ దగ్గరకు చేరినట్టు కనిపించలేదు. గట్టు మీద గేదెలు పోతుంటే దుమ్ము మా మీద పడింది. ఆవిడ చీర దులుపుకోలేదు.

“ఇరవై ఏళ్ళు పైగా ఎస్ అన్నానండీ” అంది. “ఇంకెన్నిసార్లు ఇట్టా అడిగారో.”

నేను చాప అంచు మీది దుమ్ము దులిపాను.

“గంగరాజు ఈ నెలలో వస్తాడు” అంది మళ్ళీ.

పెన్సిలు తీసి పుస్తకం మధ్యలో పెట్టింది, పుస్తకం మూసి చాప మీద నా వైపు జరిపింది. హాలు టిక్కెట్టు కవరు దాని మీద పెట్టి, గాలికి ఎగరకుండా చిన్న రాయి ఏరి ఉంచింది. చీరకొంగుతో చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ విడివిడిగా. లేచి నిలబడింది. నాకు భయం వేసింది. ఏమడగాలో తోచక, అలవాటుకొద్దీ, నోటికొచ్చినట్టు అడిగాను.

“అయితే మీరు మద్రాసు వెళ్ళరా, శౌరమ్మగారూ?”

ఆవిడ నోరు తెరిచింది. అవుననబోయి ఆగింది. ఇంకొకటి అనబోయి అదీ ఆగింది. చెప్పులు వేసుకుని, ఎండిన కాలువ వెంట ఏలూరు వైపు, కొల్లేరున్న వైపు, నడిచింది. ఇల్లు ఇటువైపు ఉంది.